నెలకు 1,800 క్యాజువాలిటీ కేసులు: ఎన్ని చూడాలన్నది తర్వాత, ఏ జాబితాలోంచి తీయాలన్నది ముందు

సిస్టర్ గారూ, మీరు అడిగింది ఇదీ. మీ 300 పడకల ఆస్పత్రి క్యాజువాలిటీకి నెలకు సుమారు 1,800 మంది వస్తారు. వాళ్లకు వైద్యం సరిగ్గా అందుతోందో లేదో చూసే బాధ్యత మీ ఒక్కరి మీదే పడింది. సూపరింటెండెంట్ గారు పది శాతం కేస్ షీట్లు చూడమన్నారు. కన్సల్టెంట్ ఒక పట్టిక చూసి 317 అన్నారు. మీకన్నా ముందు ఆ పని చేసినావిడ 30 చాలన్నారు. మీకున్న టైమ్‌లో 60కి మించి చూడలేరు. ఎవరి మాట వినాలి అని అడిగారు. రౌండ్స్‌కు వెళ్లినప్పుడు అక్కడున్న రోగులను అడిగి రాసుకుంటే సరిపోదా అని కూడా అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. 60 చాలు. కాకపోతే ఆ 60 ఏ జాబితాలోంచి వచ్చాయి, ఎలా ఏరారు అన్నది సరిగ్గా ఉండాలి. అది తప్పితే 317 కాదు, 1,000 చూసినా మీ చేతికి వచ్చేది తప్పు అంకే. ఇరవై ఏళ్లకు పైగా ఇదే పనిలో ఉన్నాను. మొదట ఒక మెడికల్ కాలేజీ కమ్యూనిటీ మెడిసిన్ విభాగంలో స్టాటిస్టీషియన్‌గా, తర్వాత ఆస్పత్రుల క్వాలిటీ విభాగాల్లో పనిచేశాను. ఈ ఒక్క మాట నాకు అర్థం కావడానికి ఒక మనిషి ప్రాణం పోవాల్సి వచ్చింది. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఒక ఆస్పత్రిలో, ఛాతీనొప్పితో వచ్చినవాళ్లకు పది నిమిషాల్లో ఈసీజీ తీస్తున్నారా అని నెలనెలా చూసేవాళ్లం. ఎంఆర్‌డీకి (పాత కేస్ షీట్లు భద్రపరిచే రికార్డుల విభాగానికి) వెళ్లి గుండె వార్డు కేస్ షీట్లు తీయించేవాళ్లం. అంకె ఎప్పుడూ బ్రహ్మాండంగా ఉండేది. ఒక రాత్రి కూలి పని చేసుకునే ఒకాయన, నలభై ఏళ్లుంటాయేమో, గుండెల్లో మంటగా ఉందని వచ్చాడు. గ్యాస్ అని ఇంజెక్షన్ ఇచ్చి పంపేశారు. ఈసీజీ తీయలేదు. తెల్లారేసరికి ఇంట్లోవాళ్లు మళ్లీ మోసుకొచ్చారు, అప్పటికే అంతా అయిపోయింది. ఆయన భార్య చేతిలో రాత్రి రాసిన ఓపీ చీటీ ఉంది. ఆయన మా దగ్గరకు వచ్చి వెళ్లాడనడానికి ఆ చీటీ, క్యాజువాలిటీ రిజిస్టర్లో ఒక వరుస తప్ప ఇంకేమీ లేవు. అడ్మిట్ కాలేదు కాబట్టి ఎంఆర్‌డీలో కేస్ షీటే లేదు. అంటే మేం ఎన్ని వందల షీట్లు తీసినా ఆయన మా ఆడిట్‌లో పడే అవకాశం సున్నా. మేం చూస్తున్నది ఈసీజీ తీసి, గుండెపోటు అని తేలి, వార్డు చేరినవాళ్లనే. వాళ్లకు ఈసీజీ తీయకుండా ఎలా ఉంటారు? మేం అడిగిన ప్రశ్నలోనే జవాబు ఉంది. నెలల తరబడి అది ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

అందుకని మీరు మొట్టమొదట చేయాల్సింది కేస్ షీట్లు తీయడం కాదు, జాబితా తయారుచేయడం. నెలలో మీ గుమ్మం తొక్కిన ప్రతి మనిషికీ ఆ జాబితాలో ఒక వరుస ఉండాలి. క్యాజువాలిటీ రిజిస్టర్ దానికి మంచి ఆధారమే, కానీ దాన్ని గుడ్డిగా నమ్మకండి. చూసి పంపేసినవాళ్లు, పెద్దాస్పత్రికి రిఫర్ చేసినవాళ్లు, లామా (డాక్టర్ వద్దన్నా మా ఇష్టంతో వెళ్తున్నామని) రాసిచ్చి వెళ్లిపోయినవాళ్లు, చెప్పకుండా వెళ్లిపోయినవాళ్లు, క్యాజువాలిటీలోనే చనిపోయినవాళ్లు, చనిపోయాక తెచ్చినవాళ్లు, వీళ్లంతా అందులో ఉన్నారో లేదో చూడండి. ఎంఎల్‌సీ (పోలీసులకు తెలపాల్సిన) కేసులను కొన్నిచోట్ల వేరే రిజిస్టర్లోనే రాస్తారు, ఇందులో రాయరు. పురిటి నొప్పులతో వచ్చినవాళ్లు నేరుగా లేబర్ రూమ్‌కు, పసిపిల్లలు పిల్లల వార్డుకు వెళ్లిపోతుంటారు. గుండెపోటు కేసు స్ట్రెచర్ మీద నుంచే గుండె రక్తనాళాల అడ్డు తీసే క్యాథ్ ల్యాబ్‌కు వెళ్తే, రిజిస్టర్లో పేరు ఎక్కేది అరగంట తర్వాతే. ఒక్కోసారి అసలు ఎక్కదు.

దీన్ని పరీక్షించడానికి తేలిక మార్గం ఒకటుంది. మన 108 సర్వీసు 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైనప్పటి నుంచి, వాళ్లు తెచ్చిన ప్రతి మనిషికీ వాళ్ల దగ్గర ఒక కాగితం ఉంటుంది. రోగిని అప్పగించేటప్పుడు మీ డ్యూటీ డాక్టరో, సిస్టరో సంతకం పెడతారు. ఆ నెల అప్పగింతల్లోంచి ఓ 20 తీసుకుని, ఒక్కొక్కటీ మీ రిజిస్టర్లో ఉందో లేదో వెతకండి. 20కి 20 దొరికితే సంతోషం. 16 దొరికితే, మిగతా నలుగురూ ఏమయ్యారో తేలేదాకా ఇంకే లెక్కా మొదలుపెట్టకండి. మీ సమస్య శాంపిల్ సైజు కాదని అక్కడే తెలిసిపోతుంది.

ఇక ఏరడం. ఎంఆర్‌డీ అటెండర్‌ను "ఓ అరవై షీట్లు ఇవ్వు బాబూ" అంటే చేతికి అందినవి, పలచగా ఉన్నవి, పై అరలో ఉన్నవి ఇస్తాడు. అతని తప్పేం లేదు, ఎవరైనా అదే చేస్తారు. నెల మొదటి 60 తీసుకోవడం కూడా అంతే. మొదటి రోజుకే 60 నిండిపోతాయి. ఆ రోజు ఎవరు డ్యూటీలో ఉన్నారో వాళ్ల పనే మీ నెల మొత్తం ఫలితం అవుతుంది. రిజిస్టర్ వరుస నంబర్లతోనే పని చేయండి. 1,800ని 60తో భాగిస్తే 30. ఒకటి నుంచి 30 లోపు ఒక అంకెను చీటీ తీయండి. చీటీలు లేకపోతే కరెన్సీ నోటు నంబర్లో చివరి రెండంకెలు చూడండి, 01 నుంచి 30 లోపు వచ్చేదాకా నోట్లు మార్చండి. 17 వచ్చిందనుకోండి. 17, 47, 77, 107, ఇలా ప్రతి 30వ వరుసా మీది. రిజిస్టర్ వచ్చిన క్రమంలోనే నిండుతుంది కాబట్టి, పగలూ రాత్రీ, ఆదివారాలూ పండగలూ వాటంతటవే తగుపాళ్లలో వస్తాయి.

ఇక్కడ ఒక నియమం కఠినంగా పాటించండి. 107వ నంబర్ షీట్ దొరకలేదని 108వది తీసుకోకండి. దొరకని షీట్లు ఊరికే పోవు. ఎంఎల్‌సీ అని పోలీసులు తీసుకెళ్లి ఉంటారు, ఆరోగ్యశ్రీ కౌంటర్లో స్కానింగ్‌కు ఉంటుంది, మరణం మీద గొడవై పైవాళ్ల బీరువాలో ఉంటుంది. అంటే మీరు తప్పనిసరిగా చూడాల్సిన కేసులే ఎక్కువగా కనబడకుండా ఉంటాయి. వాటి జాగాలో పక్క షీట్ పెడితే మీ అంకె తెలియకుండానే మెరుగైపోతుంది. వారం రోజులు వెతికించండి. అప్పటికీ దొరక్కపోతే "60లో 5 దొరకలేదు" అని రిపోర్టు పైభాగంలోనే రాయండి.

ఇప్పుడు మీ రౌండ్స్ ప్రశ్న. ఆ సమయానికి మంచాల మీద ఉన్నవాళ్లను అడిగితే ఏమవుతుందో చిన్న లెక్కతో చూపిస్తాను. రోజుకు 100 మంది వస్తారనుకుందాం. అందులో 90 మంది గంటలో వెళ్లిపోతారు. 10 మంది బెడ్ దొరక్కో, స్కాన్ రాకో 11 గంటలు పడి ఉంటారు. గంటల్లో లెక్కేస్తే మొదటివాళ్లవి 90, రెండోవాళ్లవి 110, మొత్తం 200. మీరు ఏ క్షణంలో లోపలికి వెళ్లినా కనిపించేవాళ్లలో 55 శాతం ఆ 11 గంటలవాళ్లే ఉంటారు, నిజానికి వాళ్లు వచ్చినవాళ్లలో పదో వంతే. "మా దగ్గర సగానికి పైగా రోగులు పూటంతా ఎదురుచూస్తున్నారు" అని మీరు రాస్తారు, డ్యూటీ డాక్టర్లు అది అబద్ధమంటారు, ఇద్దరూ కళ్లారా చూసిందే చెప్తుంటారు. క్యాజువాలిటీ ఇప్పుడు ఎంత కిక్కిరిసి ఉందో తెలియడానికి రౌండ్స్ పనికొస్తాయి. వచ్చిన మనిషికి ఏం జరిగిందో తెలియాలంటే మాత్రం రాక క్రమంలో రాసిన జాబితాలోంచే ఏరాలి.

ఎన్ని అన్నదానికి వద్దాం. పది శాతం అనేది వినడానికి న్యాయంగా ఉంటుంది కానీ దాని వెనక లెక్క ఏమీ లేదు. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక మెతుకు పట్టుకుంటాం, గిన్నె పెద్దదైందని పది మెతుకులు పట్టుకోం. అంకె ఎంత గట్టిదో చెప్పేది మీరు చూసిన కేసుల సంఖ్య. ఆ నెల మొత్తంలో అవి ఎన్నో వంతు అన్నది దాదాపు లెక్కలోకి రాదు. నెలకు వంద కేసులొచ్చే ఊళ్లో పది శాతమంటే పది, అవి దేనికీ చాలవు. పది వేలొచ్చే చోట వెయ్యి, అందులో సగానికి పైగా వృథా శ్రమ.

మోటుగా గుర్తుపెట్టుకోవడానికి: 100 కేసులు చూస్తే మీ శాతం అటూ ఇటూ 10 తేడాలో ఉంటుంది, 400 చూస్తే 5 తేడాలో. శాంపిల్ నాలుగింతలు చేస్తే గానీ తేడా సగమవదు. మీ 1,800లో 60 చూస్తే 12 తేడా, 180 చూస్తే 7 తేడా. కన్సల్టెంట్ చెప్పిన 317 కూడా ఇక్కడి నుంచి వచ్చిందే. 1970లో క్రెజ్సీ, మోర్గాన్ అనే ఇద్దరు పరిశోధకులు వేసిన పట్టికలో 1,800కి ఎదురుగా ఆ అంకె ఉంటుంది. 5 శాతం తేడా చాలు అనుకుని, సమాధానం సగం సగం ఉండొచ్చని ఊహించి కట్టిన లెక్క అది. ఆ లెక్కలో తప్పేం లేదు. కానీ ప్రతి నెలా, ప్రతి అంశానికీ 5 శాతం సూక్ష్మత మీకెందుకు? మూడు నెలలు 60 చొప్పున చూస్తే 180 అవుతాయి, త్రైమాసికానికి 7 తేడాలో అంకె చేతిలో ఉంటుంది. షీట్‌కు పావుగంట చొప్పున నెలకు 317 అంటే దాదాపు 80 గంటలు. అంత పని నెత్తిన పెట్టుకుంటే చివరి వంద షీట్లూ చదవకుండానే టిక్కులు పడిపోతాయి. ఎన్నో చోట్ల చూశాను.

సూపరింటెండెంట్ గారికి ఒక ఉదాహరణ చెప్పండి. వైద్యంలో జరిగే హాని మీద ప్రపంచమంతా ఇప్పటికీ చెప్పుకునే హార్వర్డ్ అధ్యయనం 1991లో అచ్చయింది. న్యూయార్క్ రాష్ట్రంలో 1984లో డిశ్చార్జైన దాదాపు 27 లక్షల మందిలోంచి, 51 ఆస్పత్రుల నుంచి వాళ్లు చూసింది 30 వేల పైచిలుకు రికార్డులు. ఒక శాతం కాస్త ఎక్కువ, అంతే. అడ్మిషన్లలో 3.7 శాతం మందికి వైద్యం వల్లే హాని జరిగిందని, అందులో పావు వంతుకు పైగా నిర్లక్ష్యం వల్లేనని తేల్చారు. ఒక శాతమేగా చూశారని ఆ ఫలితాన్ని ఎవరూ కొట్టిపారేయలేదు. ఎందుకంటే ఏరడం పద్ధతిగా జరిగింది. ప్రమాదం ఎక్కువున్న వర్గాల నుంచి ఎక్కువ తీసి, తర్వాత వాటి పాలును లెక్కలో సరిచేశారు.

అదే మీరూ చేయాలి. ఒక్క మెతుకు చాలడానికి కారణం గిన్నెలో అన్నమంతా ఒకే నీళ్లలో, ఒకే మంట మీద ఉడకడమే. క్యాజువాలిటీలో అలా ఉండదు. ట్రయాజ్‌లో (వచ్చినవాళ్లను ప్రాణాపాయాన్ని బట్టి రంగులుగా విడదీసేటప్పుడు) ఎరుపు రంగు పడినవాడికీ, వేలు తెగి వచ్చినవాడికీ జరిగే వైద్యం ఒకటి కాదు. మీ 1,800లో ఎరుపు 90, పసుపు 540, ఆకుపచ్చ 1,170 అనుకుందాం. ప్రతి 30వ వరుసా తీస్తే మీ 60లో ఎరుపు మూడే వస్తాయి. మనుషులు చనిపోయేది ఆ రంగులో, మీరు చూసేది మూడు షీట్లు! కాబట్టి జాబితాను రంగు ప్రకారం మూడుగా విడదీసి, ఒక్కోదాంట్లో విడిగా ఏరండి. ఎరుపులో 30 (ప్రతి మూడోది), పసుపులో 20, ఆకుపచ్చలో 10.

ఇలా చేశాక మొత్తం శాతం కట్టేటప్పుడు జాగ్రత్త. ఎరుపులో 30కి 18, పసుపులో 20కి 16, ఆకుపచ్చలో 10కి 9 సరిగ్గా ఉన్నాయనుకోండి. అన్నీ కలిపి 60కి 43, అంటే 72 శాతం అని రాస్తే తప్పు. ఎరుపులో 60 శాతం అంటే 90లో 54 మంది, పసుపులో 80 శాతం అంటే 540లో 432, ఆకుపచ్చలో 90 శాతం అంటే 1,170లో 1,053. మొత్తం 1,539ని 1,800తో భాగిస్తే 85.5 శాతం. ఇది సరైన లెక్క. అయినా నా మాట వినండి, ఆ 85.5ని రిపోర్టులో పెద్దక్షరాల్లో వేయకండి. ఎరుపులో పదిమందిలో నలుగురికి అందాల్సింది అందలేదన్న సంగతి దాని కింద సమాధి అయిపోతుంది. మూడు రంగులూ విడివిడిగా వేయండి. ఎరుపు 60 పక్కన "30 కేసులే చూశాం, నిజం 42 నుంచి 75 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు" అని రాయండి. త్రైమాసికం అయ్యేసరికి 90 షీట్లవుతాయి, అప్పుడు ఆ ఎడం తగ్గుతుంది.

మీ రిజిస్టర్లో ట్రయాజ్ రంగు గడే లేకపోతే, రోగి చివరికి ఎటు వెళ్లాడన్న గడిని వాడుకోండి: అడ్మిట్, ఇంటికి, రిఫర్, లామా, మరణం. వచ్చే నెల నుంచి రంగు రాయించడం మొదలుపెట్టండి.

కొన్నిటికి శాంపిల్ మాటే ఎత్తకండి, అన్నీ చూడండి. క్యాజువాలిటీలో జరిగిన మరణాలు, ఇంటికి పంపాక 72 గంటల్లో అదే బాధతో తిరిగొచ్చినవాళ్లు, రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చిన గుండెపోటు, పక్షవాతం కేసులు, పాముకాట్లు. ఇవి నెలకు పదుల్లోనే ఉంటాయి. పాముకాటు సంగతి ప్రత్యేకంగా చెప్తున్నాను, మన పల్లెల్లో నాట్ల కాలంలో దీనికి పోయే ప్రాణాలు ఎన్నో. 20 నిమిషాల రక్తం గడ్డకట్టే పరీక్ష చేశారా, శుభ్రమైన పొడి గాజు ట్యూబులోనే చేశారా, విషానికి విరుగుడు ఏ సమయానికి మొదలైంది, ఇవి ప్రతి షీట్‌లోనూ చూడండి. ప్లాస్టిక్ ట్యూబులో చేస్తే ఆ పరీక్ష నమ్మదగ్గది కాదు. ఇంకోటి, వానాకాలపు నెలను మార్చి నెలతో పోల్చకండి. జూలైలో వచ్చే రోగులు వేరు.

షీట్లో రాసిన సమయాలను ఎంత నమ్మాలి? ఇది మీరు అడగలేదు కానీ అడగాల్సిన ప్రశ్న. మీరు తీసిన 60 ఈసీజీ సమయాల్లో నిమిషాల చివరి అంకె మాత్రమే ఒక కాగితం మీద రాయండి. నిజంగా గడియారం చూసి రాస్తే 0తో గానీ 5తో గానీ ముగిసేవి సుమారు 12 ఉండాలి. 40 ఉన్నాయంటే, డ్యూటీ దిగేముందు కూర్చుని ఊహించి రాశారన్నమాట. పది నిమిషాల ప్రమాణాన్ని అలాంటి అంకెలతో కొలవలేం. ఈసీజీ కాగితం మీద యంత్రం ముద్రించే సమయాన్ని తీసుకోండి. కాకపోతే గోడ గడియారం, ఈసీజీ యంత్రం, కౌంటర్ కంప్యూటర్ మూడూ ఒకే సమయం చూపించేలా ముందు సరిచేయించండి. ఒకచోట ఈసీజీ యంత్రం పదకొండు నిమిషాలు వెనక ఉండేది. రోగి రాకముందే ఈసీజీ తీసినట్టు వచ్చేది.

లక్ష్యం పెట్టి కొలిస్తే అంకెలు లక్ష్యం చుట్టూ ఎలా ముడుచుకుంటాయో ఇంగ్లండ్‌లో కనిపించింది. ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లలో 98 శాతం మందిని నాలుగు గంటల్లోపు చూసి పంపాలో, చేర్చుకోవాలో తేల్చాలని 2004 నుంచి అక్కడ నియమం పెట్టారు, 2010లో దాన్ని 95కి తగ్గించారు. ఎవరు ఎంతసేపు ఉన్నారో గీత గీస్తే, నాలుగు గంటలకు సరిగ్గా ముందు నిమిషాల్లో ఒక్కసారిగా గుట్టలా లేచేది. శాతం ఒక్కటే చూస్తే అంతా బాగున్నట్టు ఉంటుంది, గుట్ట కనబడదు. మీరు కూడా "పది నిమిషాల్లోపా, కాదా" అని టిక్ పెట్టి ఊరుకోకండి, అసలు నిమిషాలే రాసుకోండి. మధ్యరాశి (నిమిషాలను వరుసగా పేరిస్తే నడిమి అంకె) ఎంత, అందరికన్నా ఎక్కువ ఆలస్యమైన ఐదుగురికి ఎంత పట్టింది అన్నవి శాతం కన్నా ఎక్కువ చెప్తాయి.

షీట్లు చదివేవాళ్ల విషయం. మీరొక్కరే చదివితే మీ కన్నే కొలబద్ద, దాన్ని ఎవరు సరిచూస్తారు? నెలకోసారి ఒక డాక్టర్‌ను అడిగి, మీరు చూసిన వాటిలోంచి 20 షీట్లు మీ జవాబులు చూపించకుండా ఆయనతో చదివించండి. ఇద్దరూ "సరిగ్గా ఉంది" అన్నవి ఎక్కువున్నాయని మురిసిపోకండి. ఇద్దరూ పదింట తొమ్మిదింటికి కళ్లు మూసుకుని టిక్ పెట్టినా 82 శాతం చోట్ల కలిసిపోతారు. "బాగాలేదు" అని మీలో ఒకరైనా రాసిన షీట్ల దగ్గర ఇద్దరూ కలిశారా అన్నది చూడండి. ఇద్దరు ముగ్గురు చదివేవాళ్లు దొరికితే ఇంకా మంచి పద్ధతి ఉంది. బెంగాల్ జనపనార పంట సర్వేల్లో గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ వాడినది, మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన సి.ఆర్. రావు గారు ఆ తర్వాత చేరింది ఆయన దగ్గరే. మొత్తం శాంపిల్‌ను చీట్లు తీసి రెండు భాగాలు చేసి, ఒక్కో భాగం ఒక్కొక్కరికి ఇస్తారు. రెండూ ఒకే కుప్పలోంచి వచ్చినవి కాబట్టి ఫలితాలు దగ్గరగా ఉండాలి. ఒకరికి 85, ఇంకొకరికి 55 వస్తే, 30 షీట్ల చొప్పున చదివినప్పుడు అంత తేడా ఏరడం వల్ల రావడం అరుదు. అది చదవడంలోనే ఉంది. ఎవరికీ చెడ్డపేరు రాకుండా ఇద్దర్నీ కూర్చోబెట్టి ప్రశ్నల అర్థం ఒకటి చేయొచ్చు.

రాత్రి డ్యూటీ సంగతి విడిగా తెలుసుకోవాలన్నారు కదా. దానికి ఖచ్చితమైన శాతం అక్కర్లేదు, "ఫర్వాలేదా, వెంటనే చూడాలా" అని తెలిస్తే చాలు. 1920ల్లో అమెరికా బెల్ టెలిఫోన్ సంస్థలో డాడ్జ్, రోమిగ్ అనే ఇద్దరు సరుకు పెట్టెలను తనిఖీ చేయడానికి కట్టిన పద్ధతి ఇది. తర్వాత టీకాల సర్వేల్లోకి వచ్చింది. రాత్రి 8 నుంచి ఉదయం 8 దాకా వచ్చినవాళ్ల జాబితాలోంచి 19 షీట్లు ఏరండి. లక్ష్యం 80 శాతమైతే 19లో 13 గానీ అంతకన్నా ఎక్కువ గానీ సరిగ్గా ఉండాలి. నిజంగా 80 శాతం బాగా పనిచేస్తున్న షిఫ్ట్ ఈ పరీక్షలో వందకు 93 సార్లు నెగ్గుతుంది. సగం సగం పనిచేస్తున్న షిఫ్ట్ పొరపాటున నెగ్గేది వందకు 8 సార్లే. మూడు షిఫ్టులకూ 19 చొప్పున 57. మూడు నెలల 60ల లెక్క పూర్తయ్యాక, తర్వాతి నెల 60 బదులు ఇది చేయండి. 13 వచ్చినా 18 వచ్చినా దీన్ని శాతంగా మార్చి షిఫ్టులకు ర్యాంకులు ఇవ్వకండి, 19తో అంత మాట అనలేం.

ర్యాంకులంటే గుర్తొచ్చింది, నాకు అన్నింటికన్నా బాధ కలిగించేది నెలవారీ మీటింగ్. పోయిన నెల ఎరుపులో 60, ఈ నెల 53. "ఎందుకు తగ్గింది?" అని నైట్ సిస్టర్లను నిలబెట్టి అడుగుతారు. 30లో 18కి బదులు 16 వచ్చాయి, అంతే తేడా. పనిలో ఏ మార్పూ లేకపోయినా, 30 షీట్లు ఏరినప్పుడు అంకె 33 నుంచి 87 దాకా ఊగొచ్చు. అమెరికా గణాంక శాస్త్రవేత్త వాల్టర్ షూహార్ట్ 1924లో గీసి చూపించిన కంట్రోల్ చార్ట్ ఈ సంగతి చెప్పడానికే పుట్టింది. ఎక్సెల్‌లో నెలలు అడ్డంగా, శాతాలు నిలువుగా, సగటు దగ్గర ఒక గీత, 33 దగ్గర ఒకటి, 87 దగ్గర ఒకటి. చుక్క బయటపడితే, లేదా వరుసగా ఎనిమిది చుక్కలు సగటుకు ఒకవైపే ఉంటే అప్పుడు కారణం వెతకండి. అంతవరకూ ఎవర్నీ నిలబెట్టకండి. చేయని తప్పుకు మాటపడ్డ సిస్టర్ మరుసటి నెల నుంచి సమయాలు 'సర్ది' రాస్తుంది, తర్వాత మీ ఆడిట్‌లో నిజం మిగలదు.

అలాగే సున్నా. సాదాగా ఏరిన 60 షీట్లలో తప్పు మందు ఒక్కటీ కనబడలేదంటే మీ దగ్గర అలాంటివి జరగవని కాదు. మూడును 60తో భాగించండి, 5 శాతం. అంటే నెలకు 90 మంది దాకా ఉన్నా మీ 60లో ఒక్కరూ పడకపోవచ్చు. అరుదైన తప్పులను శాంపిల్‌తో పట్టలేం, వాటికి సిబ్బంది భయం లేకుండా చెప్పుకునే దారి ఉండాలి.

చివరగా, షీట్‌లో ఉండనివి. నొప్పితో మెలికలు తిరిగే మనిషికి ఎవరైనా ఏమైనా చెప్పారా, అటెండర్ కసిరాడా, రిఫర్ చేసేటప్పుడు ఎక్కడికి ఎందుకు పంపుతున్నారో అర్థమయ్యేలా చెప్పారా. ప్రభుత్వ ఆస్పత్రుల జాతీయ నాణ్యతా ప్రమాణాల ఎన్‌క్యూఏఎస్ చెక్‌లిస్టులో ప్రతి అంశం పక్కనా ఎలా తనిఖీ చేయాలో ఉంటుంది: చూసి, సిబ్బందిని అడిగి, రికార్డు తీసి, రోగిని అడిగి. నాలుగూ ఎందుకు పెట్టారో ఈ పని చేస్తే అర్థమవుతుంది. మీరు ఏరిన 60 మందిలోనే, ఇంటికి వెళ్లిపోయినవాళ్లకు ఫోన్ చేయండి. ఎత్తకపోతే వేరే పూట ఇంకో రెండుసార్లు చేయండి, సులువుగా ఎత్తే వేరేవాళ్లను కలుపుకోకండి. ఆడిట్ కాగితం మీద పేర్లు వద్దు, రిజిస్టర్ నంబర్ చాలు.

మొదటి నెల ఇదంతా చేయబోకండి. జాబితా సరిచూడటం, గడియారాలు సరిచేయడం, ఎరుపులో 30 షీట్లు తీసి ఈసీజీ నిమిషాలు రాయడం, ఈ మూడే. ఆ 30 అంకెలూ వచ్చాక నాకు పంపండి, శాతం కట్టకుండా ఉన్నవి ఉన్నట్టే. సగటు గీత ఎక్కడ గీయాలో అప్పుడు కలిసి చూద్దాం.